జయరావు గారి టెన్షన్

ఇంటికొక గుండెజబ్బు భయం ఉండాలండీ! అది లేని ఇల్లు ఇల్లే కాదు! నమ్మరా? అయితే మార్టూరు జయరావు సంగతి వినండి.

జయరావు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజరు. రాళ్ళు నునుపు చేసేది పనివాళ్ళు, కుర్చీ నునుపు చేసేది ఈయన. ఊళ్ళో అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు మోగుతున్న రోజుల్లో, ఛాతీ పట్టేసినట్టుందని భార్య ఎలీసమ్మను వెంటబెట్టుకుని ఒంగోలు వెళ్ళాడు. పరీక్షలన్నీ చేసిన డాక్టరు, "ప్రస్తుతానికి ఇది గ్యాసే. కానీ ఇలాగే ఉంటే గుండెకు ముప్పు! సిగరెట్లు, ఉప్పు, నూనె, కదలకుండా కూర్చోవడం, టెన్షన్... అన్నీ తగ్గించాలి" అన్నాడు.

జయరావుకు చివరి మాట ఒక్కటే వినిపించింది! ఎందుకు వినిపించదు? మొదటి నాలుగూ తను మానాల్సినవి. టెన్షనంటారా, అది ఎదుటివాళ్ళు పెట్టకుండా ఉండాల్సింది!

ఆ రోజు నుంచి ఇంట్లో ఎంత ప్రశాంతతో! కరెంటు బిల్లు ఆయన కంటబడదు. కూతురు షారోన్ ఇంటర్ మార్కులు ఆయన చెవిన పడేసరికి కాస్త పెరిగి ఉంటాయి. మిక్సీ ఆయన డ్యూటీకి వెళ్ళాకే తిరుగుతుంది. ఫ్యాను ఆగినా, కప్పు కారినా, వీధి కుళాయి నుంచి బిందెతో నీళ్ళు తేవాలన్నా ఎలీసమ్మే చూసుకోవాలి. బళ్ళో పాఠాలు చెప్పి వచ్చి మరీ!

మరి మిగతా నాలుగూ?

ఒక పూట ఎలీసమ్మ పచ్చడి జాడీ దాచింది. జయరావు ఛాతీ పట్టుకున్నాడు.

"గోంగూర లేకపోతే ముద్ద దిగట్లేదే! టెన్షనొస్తంది!"

జాడీ బయటికొచ్చింది. సిగరెట్ పెట్టె దాస్తే చేతులు వణికాయి. అదీ బయటికొచ్చింది. కాస్త నడిచి రమ్మంటే వీధిలో కుక్కలు మొరిగాయట, వచ్చి మంచమెక్కాడు. ఆహా, ఏం వైద్యమండీ! ఒక్క టెన్షన్ పోగొట్టడానికి ఉప్పు, నూనె, పొగ, మంచం!

ఏడాది తిరిగింది. చర్చి ఆవరణలో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. జయరావు ముందు నడిచాడు, మంచినీళ్ళ సీసాతో ఎలీసమ్మ వెనక నడిచింది. ఆయన బీపీ ఫరవాలేదన్నారు. "మీరూ కూర్చోండమ్మా" అంటూ డాక్టరు ఆమె చేతికి పట్టీ చుట్టాడు. పాదరసం పైకి పాకింది. డాక్టరు మొహం మారింది.

"ఇంత ఉందేంటమ్మా! తల తిరుగుతోందా?"

"చాన్నాళ్ళ నుంచీ తిరుగుతుందండీ. చెప్తే ఆయనకి టెన్షనని చెప్పలా."

"మీ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా?"

"మా ఆయనకుందండీ."

"అలా కాదమ్మా. అమ్మకో, నాన్నకో, తోబుట్టువులకో ఉంటే చెప్పండి. భర్తది లెక్కలోకి రాదు."

"రాకపోవటమేంటండీ? నాకు వచ్చిందే ఆయన వల్ల!"

శిబిరమంతా గొల్లుమంది. జయరావు కూడా నవ్వబోయి, మాత్రల చీటీ అందుకుని లేస్తున్న భార్య తూలడం చూసి ఆగి, ఆమె చేతిలోని మంచినీళ్ళ సీసా తనే అందుకున్నాడు.

ఇప్పుడాయన రోజూ పొద్దున్నే వాకింగ్ చేస్తున్నాడు. వీధి చివరి కుళాయి దాకా, భుజాన బిందెతో! నడక గుండెకు చాలా మంచిది కదండీ! ఎవరి గుండెకో మాత్రం ఎలీసమ్మనడగండి.