ఎలుగుబంటికి పెద్దల సభ జవాబు

కష్టం తీరడం గొప్పా? కానే కాదు! తీరిపోయిన కష్టం ఊసు మర్నాడు ఎత్తే నాథుడుండడు. అదే కష్టానికి ఢిల్లీలో పెద్దల సభ జవాబిచ్చిందనుకోండి, రికార్డుల్లో శాశ్వతంగా ఉండిపోతుంది. ఈ సంగతి తెలియక మనం పరిష్కారాల వెంట పడుతున్నాం.

నమ్మకపోతే మందస దగ్గరి పల్లెలో ఉండే గౌరమ్మ అదృష్టం చూడండి. ఆమెకు ఎకరన్నర జీడితోట ఉంది. ఆ తోటలో జీడిపళ్ళ రుచి మరిగిన ఎలుగుబంట్లు ఉన్నాయి. రాలిన జీడిపిక్కలు ఏరి పలాస మిల్లులకు పంపకపోతే ఇల్లు గడవదు. ఏరబోతే ఎలుగు ఊరుకోదు. భర్త ధర్మారావు చక్కటి దస్తూరీ గలవాడు కనుక ఊరందరి చేతా సంతకాలు పెట్టించి ఒక ఎంపీగారికి అర్జీ పంపాడు. అడిగిందల్లా తోటల దారిలో నలుగురు కాపలా మనుషుల్ని.

ఎంపీగారు సభలో లేచి అది చదివారు. ఆహా, ఏమి సానుభూతి! ఎలుగుబంటిని ఫొటోలో తప్ప చూడని ఎడారి రాష్ట్రం సభ్యుడు తీవ్ర ఆందోళన వెలిబుచ్చారు. కొండ రాష్ట్రం ఆయన మా చిరుతల మాటేమిటన్నారు. మైదాన రాష్ట్రం ఆయన తన మద్దతు కూడా రాసుకోమన్నారు. గౌరమ్మ కోసం సొంత తోడబుట్టినవాళ్ళు కూడా ఇంత బాధపడలేదు. టీవీ ముందు కూర్చున్న ఆమెకు కళ్ళు చెమర్చాయి.

మంత్రిగారు సమాధానానికి లేచారు. ఆందోళన చెందిన సహచరులను పేరుపేరునా అభినందించారు. పదకొండు నిమిషాలు దానికే సరిపోయాయి. పన్నెండో నిమిషంలో ఎలుగు సంగతికి వచ్చారు. ఈ సీజన్ మొదలయ్యాక ఆ ఊళ్ళో మనిషికి ఎలుగు ఎదురుపడిన ఘటన ఒక్కటీ నమోదు కాలేదు కనుక, కాపలా అవసరం కనిపించడం లేదని సెలవిచ్చారు. సభ్యులు బల్లలు చరిచారు.

నిజమే కదా! భయంతో ఒక్కరూ తోట గడప తొక్కలేదాయె, ఎదురుపడేదెవరు? ఎంత చవకైన పరిష్కారమో గమనించారా? పలాస బస్సెక్కడం అందరం మానేస్తే రద్దీ ఉండదు. పిల్లల్ని బడికి పంపకపోతే మాస్టర్ల కొరతే రాదు!

ధర్మారావుకు మాత్రం ఈ మేలు అర్థం కాలేదు. ఫైలు మళ్ళీ కదలాలంటే ఊళ్ళో ఎవరో ఒకరు ఎలుగు కంట పడాలని తేల్చి, ఎవరు వెళ్తారని ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. అందరికీ ఆ పూటే ఏదో పని పడింది. చెట్ల కింద పిక్కలు పాడైపోతుంటే గౌరమ్మకు ఒళ్ళు మండింది.

"ఇంట్లో కూకుంటే ఎలుగే నేదని రాసేసినారు. రేపు ఊరంతా ఒక్కపాలే ఎల్దాం మావా," అంది.

మర్నాడు అరవైమంది నూనె డబ్బాలు వాయిస్తూ తోటల్లో పడ్డారు. ఆ మోతకు ఎలుగులు కొండ దారి పట్టాయి. నాలుగు రోజుల్లో ఊరి పిక్కలన్నీ ఇళ్ళకు చేరాయి. కాపలా లేదు, నిధులు లేవు, కమిటీ అసలే లేదు.

సమావేశాల చివరి రోజు మంత్రిగారు సభకు శుభవార్త చెప్పారు. తమ జవాబు ఇచ్చిన ధైర్యంతో ఆ గ్రామస్థులు నిర్భయంగా తోటలకు వెళ్తున్నారట. సహచరుల ఆందోళన తీరింది కనుక అర్జీని మూసేస్తున్నారట. మళ్ళీ బల్లలు మోగాయి.

ధర్మారావు ఫోన్‌లో అది చదివి వినిపించాడు. వాకిట్లో పిక్కలు ఎండబోస్తున్న గౌరమ్మ తలెత్తలేదు.

"పై ఏడు ఆయన్నీ రమ్మను మావా. ముందు నడుత్తాడు, ఓ డబ్బా ఇద్దాం."