మదాం ఇన్షిరాహ్ అభిప్రాయాలపై ప్రత్యేక సమావేశం

కఫ్ర్ జమీల్ సాహితీ మిత్రమండలి చరిత్రలో మొట్టమొదటిసారిగా ఒక పాఠకురాలిపై విచారణ జరిగిందనీ, అది అత్యంత గౌరవప్రదంగా ముగిసిందనీ, టీ గ్లాసులు రెండు మాత్రమే పగిలాయనీ కార్యదర్శి హోదాలో తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఐదు పగిలాయని పక్కనున్న దమియెట్టా పట్టణంలో ప్రచారం జరుగుతున్నట్టు తెలిసింది. పెద్ద ఊళ్ళకు చిన్న ఊళ్ళ మీద అసూయ సహజం.

మా మండలిలో నలభై ఒక్కమంది సభ్యులు. అధ్యక్షులు డాక్టర్ మఖ్లూఫ్ గారు. పళ్ళ డాక్టరు. ఆయన ముందు ఎవరు నోరు తెరిచినా మాట్లాడలేరు కాబట్టి పద్నాలుగేళ్ళుగా ఏకగ్రీవంగా ఎన్నికవుతున్నారు. మండలి ఆస్తి ఒక చెక్క అల్మారా, అందులో మూడువందల ప్రేమ నవలలు. ఎవరైనా తీసుకెళ్ళి చదివి తిరిగి ఇవ్వచ్చు. చాలాకాలం ఎవరూ తీసుకెళ్ళనందువల్ల పుస్తకాలు కొత్తగా, చూడముచ్చటగా ఉండేవి.

ఈ ప్రశాంతతను చెడగొట్టింది మదాం ఇన్షిరాహ్. కుటుంబ న్యాయస్థానంలో ముప్పై ఒక్క సంవత్సరాలు గుమాస్తాగా పనిచేసి, విడాకుల తీర్పులకు శుభ్రప్రతులు రాసి, రిటైరైన మనిషి. భర్త పోయి చాలాకాలమైంది. ఆవిడ మూడు రోజులకొక నవల పట్టుకెళ్ళేది. తిరిగి ఇచ్చేటప్పుడు వెనక అట్ట లోపల ఒక చీటీ అంటించేది. కోర్టు దస్తూరీ. గుండ్రంగా, దయాదాక్షిణ్యాలు లేకుండా ఉంటుంది.

జమీందారు పాషాగారు ఒక పిల్లను ఎత్తుకుపోయే నవల ఒకటుంది. దానికి ఆవిడ చీటీ ఇది: "ఎత్తుకుపోయినందుకు అమ్మాయికి కోపం వచ్చింది. మూడో అధ్యాయంలో ఆయన భుజాలు చూశాక తగ్గింది. శిక్షాస్మృతిలో భుజాలకు మినహాయింపు లేదు." నాలుగువందల పేజీల పాటు అపార్థాలతో నలిగిపోయే జంట కథకు ఇలా రాసింది: "ఇద్దరూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే కథ పదకొండో పేజీలో అయిపోతుంది. ఆ సంగతి వాళ్ళిద్దరికీ తెలుసు." పాత జానపద కథలను తిరగరాయడం ఇప్పుడు ఫ్యాషన్ కదా, సవతితల్లి వైపునుంచి చెప్పిన ఒక నవల కైరో నుంచి తెప్పించాం. దాని మీద అభిప్రాయం: "పాత కథలో సవతితల్లి చెడ్డది. కొత్త కథలో సవతితల్లి తప్ప అందరూ చెడ్డవాళ్ళు. తండ్రి మాత్రం రెండింట్లోనూ ఇంట్లో లేడు."

అన్నీ ఇలాగే ఉండేవని కాదు. ఇద్దరు ముసలివాళ్ళు ఒకే కళ్ళజోడును వంతులవారీగా పెట్టుకునే చిన్న నవల ఒకటుంది. దాని చీటీలో "ఏడ్చాను. కారణం చెప్పను" అని మాత్రమే ఉంది.

ఆ తరువాత మా ఊళ్ళో పఠనాసక్తి ఏ స్థాయికి పెరిగిందంటే, పుస్తకం తీసుకున్నవాడు అక్కడే నిలబడి వెనక అట్ట తెరిచి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, ఐదు నిమిషాల్లో తిరిగి ఇచ్చేసేవాడు. ఒక్క శీతాకాలంలో రెండువేల ఏడువందల సార్లు పుస్తకాలు చేతులు మారాయి. ఈ సంఖ్యను ప్రభుత్వానికి పంపితే ప్రశంసాపత్రం వచ్చింది.

ఒకసారి ఆవిడనే అడిగాను.

"మదాం, నచ్చనప్పుడు ఎందుకమ్మా ఇన్ని చదవడం?"

"నచ్చలేదని ఎవరన్నారు ఉస్తాజ్‌గారూ?" అంది ఆవిడ, తరవాతి పుస్తకం సంచిలో పెట్టుకుంటూ. "ముప్పై ఒక్క ఏళ్ళు కథల ముగింపులే రాశాను. ప్రారంభాలు ఎలా ఉంటాయో చూద్దామని."

ఇక ప్రధాన విషయానికి వస్తాను.

మా ఊరి నదీతీరంలో సబీహా రాయి ఉంది. సబీహా అనే పిల్ల పడవమీద వెళ్ళిన ప్రియుడి కోసం ఏడేళ్ళు ఎదురుచూసి రాయైపోయిందని మా పెద్దలు చెబుతారు. పెళ్ళికూతుళ్ళు వచ్చి ఆ రాయిని ముట్టుకుని వెళతారు. ఏ ఆశతో ముట్టుకుంటారో ఎవరూ అడగలేదు. ఈ గాథను ఉస్తాజ్ వగ్దీ గారు 'సబీహా నిరీక్షణ' పేరుతో నవలగా తిరగరాశారు. వగ్దీ గారు పెళ్ళి మంచాలు తయారుచేయించే పెద్ద వ్యాపారి. జిల్లాలో ఆయన మంచం లేకుండా కాపురం పెట్టినవాళ్ళు అరుదు. పడకగది సెట్టు కొన్నవారికి నవల ఉచితం. అందువల్ల ఆధునిక సాహిత్యంలో అత్యధిక ఇళ్ళకు చేరిన గ్రంథంగా దాన్ని మా మండలి ప్రకటించింది.

వగ్దీ గారు గాథను ఊరికే తిరగరాయలేదు, అభివృద్ధి చేశారు. ఏడేళ్ళ నిరీక్షణను ఇరవై ఏడేళ్ళకు పెంచారు. గ్రంథాన్ని "మా ఇంటికి రాబోయే కోడలు నవ్వారాకు" అంకితమిచ్చారు. ఆయన కొడుకు హైసమ్ సరుకుల ఓడ మీద పనికి వెళ్ళి ఎనిమిదేళ్ళైంది. వెళ్ళేముందు నవ్వారాకు ఉంగరం తొడిగి వెళ్ళాడు. "వచ్చే రంజాన్‌కి వస్తాను" అని ఏటా తండ్రికి ఫోను చేస్తాడు. నవ్వారా మా ఊరి బడిలో లెక్కల టీచరు. ఎనిమిది రంజాన్లు ఆమె తప్పులేకుండా లెక్కపెట్టింది. ఊరు ఆమెను అభినవ సబీహా అని పిలిచి శాలువా కప్పి సన్మానించింది. సన్మానపత్రం రాసింది నేనే. నవలకు ముందుమాట రాసింది కూడా నేనే. ముందుమాట రాయడానికి పుస్తకం చదవాలన్న నియమం ఎక్కడా లేదు. ఉంటే లోకంలో ముందుమాటలే ఉండవు.

ఆవిష్కరణ సభలో డాక్టర్ మఖ్లూఫ్ గారు గద్గద కంఠంతో ప్రసంగించారు. "సోదరులారా! చివరి పేజీల్లో సబీహా పాదాల నుంచి మొదలై గుండె దాకా రాయిగా మారే ఘట్టం చదివాక నేను మూడు రోజులు క్లినిక్ తెరవలేకపోయాను! పళ్ళు పీకే చేతులు వణికాయి!" సభలో చాలామంది ఏడ్చారు. పళ్ళు పీకించుకోవలసిన వాళ్ళు ఎక్కువగా ఏడ్చారు.

రెండేళ్ళ పాటు ఎవరూ ఏమీ అనలేదు. తరవాత మదాం ఇన్షిరాహ్ ఆ నవల తీసుకుంది. నాలుగో రోజున చీటీ కనిపించింది:

"ఇరవై ఏడేళ్ళు! అతను ఒక్క ఉత్తరం రాయలేదు. ఈ అమ్మాయి ఒక్కసారి రేవుకు వెళ్ళి అడగలేదు. పడవలు రెండు వైపులా నడుస్తాయి. చివరి పదహారు పేజీలు మాత్రం చాలా బాగున్నాయి. అందులో ఒక్క అబద్ధం లేదు."

చివరి వాక్యం ఎవరికీ అర్థం కాలేదు. ఆధునిక విమర్శ ఇలాగే ఉంటుందని సరిపెట్టుకున్నాం.

నవ్వారా ఆ చీటీ చదివింది. మర్నాడు బడికి సెలవు పెట్టి బస్సెక్కింది. సాయంత్రం తిరిగొచ్చి నేరుగా వగ్దీ గారి దుకాణానికి వెళ్ళి, చెక్కిన గులాబీలతో తళతళలాడుతున్న పెద్ద మంచం మీద ఉంగరం పెట్టేసింది.

"ఇదేంటి తల్లీ?" అన్నారు వగ్దీ గారు.

"ఉంగరం మావయ్యా. మీ అబ్బాయి వచ్చినప్పుడు ఇవ్వండి."

అంతకు మించి ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మాత్రం నాలుగు వీధులకు వినిపించేలా మాట్లాడారు. ఊరి వారసత్వాన్ని అవమానించి, ఒక నిశ్చితార్థాన్ని కూల్చిన చీటీపై చర్య తీసుకోవాలని మండలికి ఫిర్యాదు చేశారు. ప్రత్యేక సమావేశం ఏర్పాటైంది.

శుక్రవారం ప్రార్థన అయ్యాక నలభై ఒక్కమందీ హాజరయ్యారు. ఇంత హాజరు ఏ సాహిత్యసభకూ లేదు. నిలబడేందుకు చోటు లేక చేపల మార్కెట్ వాళ్ళు కిటికీలు ఎక్కారు. మదాం ఇన్షిరాహ్ ముందు వరసలో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన నవ్వారా.

డాక్టర్ మఖ్లూఫ్ లేచారు. "మహాజనులారా! ప్రేమ అంటే నిరీక్షణ! నిరీక్షణ అంటే మన ఊరు! మన ఊరిని అన్నవాడు..."

"అన్నది ఆడమనిషి డాక్టరుగారూ," అన్నాడు కిటికీలోంచి ఒకడు.

"...అన్నవారు ఎవరైనా సరే, క్షమాపణ చెప్పి, ఇకమీదట ప్రశంసలు మాత్రమే రాయాలని తీర్మానిస్తున్నాం!"

చప్పట్లు మోగాయి. మదాం ఇన్షిరాహ్ మెల్లగా లేచింది.

"క్షమాపణ చెబుతాను. నాదొక్కటే ప్రశ్న. పుస్తకం చివరిదాకా చదివినవాళ్ళు చెయ్యెత్తండి నాయనా."

నలభై ఒక్క చేతులు లేచాయి. కిటికీలో వాళ్ళు కూడా ఎత్తారు. వాళ్ళలో ఇద్దరికి చదువు రాదు.

"బంగారం లాంటి మాట. డాక్టరుగారూ, మీరు మూడు రోజులు క్లినిక్ మూసుకున్నారే, ఆ ఘట్టం కాస్త పైకి చదవండి, మేమూ ఏడుస్తాం."

బల్లమీదున్న పుస్తకాన్ని ఆయన గంభీరంగా అందుకుని, చివరి పేజీలు తెరిచి, గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"'డబుల్ మంచం, బీచ్ చెట్టు కలప. పొడవు రెండు మీటర్లు. తలవైపు చెక్కడం: హంసలు, కోరితే నెమళ్ళు. పక్కన రెండు చిన్న బల్లలు...'"

ఆగారు. పేజీ తిప్పారు.

"'మూడు తలుపుల అల్మారా. మధ్య తలుపుకు అద్దం. చెదపురుగు పట్టదు...'"

జరిగిందేమిటంటే, నవలనూ, వగ్దీ గారి దుకాణం కేటలాగునూ ఒకే ప్రెస్సులో ఒకే వారంలో అచ్చువేశారు. నవల చివరి పదహారు పేజీల స్థానంలో కేటలాగు చేరి కుట్టుపడింది. ప్రతి ప్రతిలోనూ. రెండేళ్ళుగా. నాలుగువేల ఇళ్ళలో.

"సబీహా ఎక్కడ?" అని గొణిగారు వగ్దీ గారు. తన పుస్తకాన్ని ఆయన కూడా తిరిగి తెరవలేదని అప్పుడు తెలిసింది. ఆ బాధలో బల్లమీద గుద్దడం వల్లనే మొదట పేర్కొన్న రెండు గ్లాసులూ పగిలాయి.

"అందుకే రాశాను కదా, ఒక్క అబద్ధం లేదని," అంది మదాం ఇన్షిరాహ్. "చెదపురుగు నిజంగానే పట్టదు. నా పెళ్ళి అల్మారా మీ నాన్నగారు చేసిందే ఉస్తాజ్. నలభై నాలుగేళ్ళైంది, చెక్కుచెదరలేదు."

వగ్దీ గారు ఏడవాలో, ఆ ప్రశంసకు పొంగిపోవాలో తెలియక నిలబడిపోయారు. తరవాత నవ్వారా వైపు తిరిగారు.

"పుస్తకం సంగతి పోనీ తల్లీ. నా కొడుకు నిజమే కదా! సముద్రాల మీద రాత్రింబవళ్ళు కష్టపడుతున్నాడు. వాడికోసం ఇంకొక్క ఏడాది..."

"మావయ్యా," అంది నవ్వారా. గొంతులో కోపం లేదు. "ఆ రోజు నేను అలెగ్జాండ్రియా వెళ్ళాను. ఓడల కంపెనీలో అడిగాను. హైసమ్ ఎనిమిదేళ్ళ కిందటే దిగిపోయాడు. మొదటి ప్రయాణంలోనే. మూడు రోజులు ఒకటే వాంతులట. అక్కడే ట్రామ్ స్టేషన్ పక్కన చెరుకురసం అంగడి పెట్టుకున్నాడు."

"చెరుకురసమా?"

"బస్సులో వెళితే నాలుగు గంటల దారి. బాగా నడుస్తోంది. నన్ను చూసి గ్లాసు వదిలేశాడు. 'ఊళ్ళో నన్ను సముద్రవీరుడన్నారు, నాన్న నవల కూడా రాశాడు, ఏ మొహం పెట్టుకుని రానూ' అన్నాడు. అరగంట మాట్లాడుకున్నాం. ఎనిమిదేళ్ళలో మొదటిసారి. ఇద్దరికీ ప్రాణం హాయిగా అనిపించింది. తనకి నేనంటే భయమట మావయ్యా, నాకేమో తన మొహమే సరిగా గుర్తులేదు. రెండు గ్లాసులు రసం తాగించి బస్సెక్కించాడు."

వగ్దీ గారు కూలబడ్డారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం నేను స్వయంగా చూశాను. ఈసారి సభలో ఇంకెవరూ ఏడవలేదు. నిజమైన సందర్భాల్లో ఎలా ఏడవాలో ఎవరూ ముందుగా చెప్పలేదు.

"బతికే ఉన్నాడు కదా," అన్నారాయన చివరికి. "నాలుగు గంటలా? ఓరి గాడిద కొడకా!" అని, తిట్టు ఎవరికి తగిలిందో గ్రహించి తనే నవ్వేశారు. "నేను మాత్రం తక్కువా? ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా రేవుకు వెళ్ళి అడిగానా!"

మర్నాడే ఆయన బస్సెక్కారు. తండ్రీకొడుకులు అంగడి ముందు ఎంతసేపు మాట్లాడుకున్నారో మాకు తెలియదు. వచ్చేటప్పుడు ఆయన చొక్కా మీద చెరుకురసం మరక ఉంది, దాన్ని వారం రోజులు ఉతకనివ్వలేదు. నవ్వారా లెక్కలు చెప్పుకుంటోంది. వేసవి సెలవుల్లో మొదటిసారి సముద్రం మీద ఓడెక్కింది. ఆమెకు వాంతులు కాలేదు.

నవల రెండో ముద్రణలో అసలు ముగింపు చేర్చారు. తమ ప్రతిని మార్చుకోండని ప్రకటిస్తే ఒక్కరూ రాలేదు. పాత ముగింపులోని ఆర్ద్రత కొత్తదానిలో లేదని పాఠకలోకం అభిప్రాయపడింది.

ఈ అనుభవం దృష్ట్యా మా మండలి ఒక చరిత్రాత్మక నియమం చేసింది: పుస్తకం మీద మాట్లాడదలచినవారు ముందుగా దాన్ని చదివి ఉండాలి. తీర్మానం నలభై ఒక్క ఓట్లతో నెగ్గింది. మరుసటి వారానికి డాక్టర్ మఖ్లూఫ్ గారితో సహా ముప్పై తొమ్మిది రాజీనామాలు అందాయి. కారణాలు ఆరోగ్యం, పని ఒత్తిడి, భావప్రకటనా స్వేచ్ఛ. మిగిలింది వగ్దీ గారూ, నేనూ. ఖాళీ అయిన స్థానాల్లో మదాం ఇన్షిరాహ్‌ను, నవ్వారాను చేర్చుకున్నాం. ఇప్పుడు నలుగురం ప్రతి శుక్రవారం కూర్చుని నిజంగానే చదువుతున్నాం. నాకు అరవై రెండేళ్ళు. మొన్ననే ఒక నవల చివరిదాకా చదివాను. చివర్లో వాళ్ళిద్దరూ కలుస్తారని నాకు ఎవరూ చెప్పలేదు.

రాజీనామా చేసిన ముప్పై తొమ్మిదిమంది వేరే సంఘం పెట్టుకున్నారు. అందులో ఈ నియమం లేదు. చుట్టుపక్కల జిల్లాల నుంచి సభ్యత్వాలు వెల్లువెత్తుతున్నాయి. దేశవిదేశాల నుంచి కూడా దరఖాస్తులు వస్తున్నాయని విన్నాను. తెలుగువారి దరఖాస్తులు అసాధారణ సంఖ్యలో వచ్చాయట. అందరూ ఇప్పటికే అర్హులని పరిశీలనలో తేలింది.