కమాను కట్టేశారు కాబట్టి

సగంలో ఆగిన సర్కారు పనిని ఎవరైనా తిడితే నాకు ఒళ్ళు మండుతుంది. లోకంలో కాస్త శాంతి మిగిలి ఉందంటే అది బద్ధకస్తులైన పనివాళ్ళ చలవే!

కొత్తగా బలిసిన సామ్రాజ్యం సాటి రాజ్యం మీదికి యుద్ధానికి ఎందుకు వెళ్తుంది? సముద్రపు దారుల కోసమని కొందరు, భయం కొద్దీ అని కొందరు లావుపాటి పుస్తకాలు రాశారు. అవన్నీ తర్వాత వెతుక్కున్న కారణాలు. అసలు సంగతి కమాను!

ఒక సామ్రాజ్యం చేతికి నాలుగు డబ్బులు రాగానే నడివీధిలో విజయ కమాను కట్టించింది. విజయమా? ఇంకా రాలేదు. బిడ్డ కడుపున పడకముందే ఉయ్యాల కొనేవాళ్ళు లేరా?

బస్సులు చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. అంబులెన్సు ఇరుక్కుంది. బట్టల కొట్టుకు ఎండ పొడ కరువైంది. "ఏం గెలిచామని కట్టారు?" అని జనం గొణిగారు. ఇక కమానునైనా పడగొట్టాలి, లేదా ఎవరినైనా ఓడించాలి. పడగొడితే పరువు పోదూ?

మొదట పక్కనున్న చిన్న దేశాన్ని అనుకున్నారు. దాని పేరు సుద్దముక్కతో కమాను నుదుట రాసి చూశారు. ఏనుగు మీద ఎలుకను ఊరేగించినట్టుంది! అంత ఎత్తుకు తగిన శత్రువు సముద్రం అవతల ఒక్కటే ఉంది. దాన్ని ఖాయం చేశారు. పేరు చెక్కడం పూర్తికాగానే యుద్ధం.

చెక్కే పని ఒక పెద్దాయన చేతికి వచ్చింది.

"వాళ్ళు మనకేం చేశారయ్యా?" అన్నాడాయన సుత్తి దించి.

"మనంత పెద్దవాళ్ళయ్యారు. ఇంకేం చెయ్యాలి?" అన్నాడు ఇంజనీరు.

పెద్దాయనకు ఒక్కడే కొడుకు. కొత్తగా సైన్యంలో చేరాడు. యుద్ధమంటూ వస్తే ముందు వరస వాడిదే.

ఆ సాయంత్రం నుంచే ఆయనకు బద్ధకం పట్టుకుంది. ఉలి మొండిదన్నాడు. రాయి మంచిది కాదన్నాడు. పేరులోని సున్నా కోడిగుడ్డులా వచ్చిందని రాతిపలకే మార్పించాడు.

"పెద్దాయనా, నీవల్ల దేశం ఆగిపోయింది!" అని మొత్తుకున్నాడు ఇంజనీరు.

"తొందరపడితే ఎట్లా బాబూ? చరిత్ర వంకరగా వస్తే మీకే మాట."

ఇంటికెళ్తే భార్య అందుకుంది. "ఏవయ్యా, వీధి వీధంతా నిన్ను సోమరి అంటోంది."

"అననీయవే. నీ కొడుకు రాత్రి ఇంట్లో అన్నం తిన్నాడా, లేదా?"

మర్నాటి నుంచి ఉలిని ఆమే దాచడం మొదలుపెట్టింది.

చెప్పండి, ఏ రాయబారి ఇంత పని చేశాడు? ఏ ఒప్పందం ఇన్నాళ్ళు నిలిచింది?

కొడుక్కి మాత్రం తల కొట్టేసినట్టుండేది. "మీ నాన్న ఆ గుడ్డు ఇంకా పొదుగుతున్నాడా?" అని బ్యారక్‌లో ఒకటే ఎగతాళి. ఒక మధ్యాహ్నం తండ్రి కమాను నీడలో కునుకు తీస్తుంటే, తల్లి దాచిన ఉలిని వెతికి తెచ్చి పరంజా ఎక్కాడు. చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన కూర్చుని నేర్చిన పనే. సుత్తి చప్పుడుకు పెద్దాయన లేచేసరికి చివరి అక్షరం కూడా అయిపోయింది.

"చూడు నాన్నా! ఇక నిన్నెవడూ సోమరి అనడు!"

ఇంజనీరు పరుగున వచ్చాడు. "ఇంత చక్కటి పని ఎవరు నేర్పారయ్యా నీకు?"

"ఇంకెవరు? మా నాన్నే!"

బ్యాండు మొదలైంది. సాటి రాజ్యాలంటే నాకు భయం లేదు సుమండీ. తండ్రి పరువు నిలబెట్టే పిల్లలంటేనే భయం.

పొద్దుటిదాకా తిట్టినవాళ్ళంతా పెద్దాయనకు చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం తన కొడుకు యూనిఫాం మీది రాతిపొడి దులుపుతూ నిలబడ్డాడు. అంతా రాలిపోయాక కూడా దులుపుతూనే ఉన్నాడు.