మర్యాద మీద ఒక మాట

ఆ ఆదివారం హిమబిందు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఏలూరులో ప్యాసింజరు ఎక్కడం, తాడేపల్లిగూడెంలో బుల్లిరాజుగారి గృహప్రవేశంలో దంపతులకి నాలుగు అక్షింతలు వేయడం, ఎండ ముదరకముందే భర్తను క్షేమంగా ఇంటికి తీసుకొచ్చేయడం. భర్త మురళీకృష్ణ లెక్కల మాస్టారు, షుగరు మనిషి. ఎడమకాలి బొటనవేలికి పుండు పడి నెల దాటినా మానలేదు. "షుగరు అదుపులో ఉంటే వేలు మీది, లేకపోతే మాది" అని డాక్టరు నవ్వుతూ చెప్పాడు. హిమబిందు నవ్వలేదు. చేతిసంచిలో కొర్రల ఉప్మా డబ్బా సర్దింది.

"ఏవండీ, అక్కడ ఎవరేం పెట్టినా వద్దనండి. మొహమాటపడకండి."

"వద్దనడం కూడా రాదా నాకు? చిన్నపిల్లాణ్ణా?"

మాస్టారికి వద్దనడం వచ్చు. వద్దంటే వినే ఇల్లే ఆ చుట్టుపక్కల లేదు.

బుల్లిరాజుకి పెదపాడు దగ్గర వరి పొలం, చేపల చెరువులు ఉన్నాయి. కూతురు సాయిదుర్గ ఇంటర్లో లెక్కలు తప్పితే, మాస్టారు ఏడాది పాటు కూర్చోబెట్టి చెప్పి గట్టెక్కించారు. ఆ పిల్ల ఇప్పుడు ఇంజనీరు. అందుకని బుల్లిరాజు మిగతా అతిథులను వదిలేసి, మాస్టారి విస్తరి ముందే నిలబడ్డాడు.

"ఈ బొబ్బట్టు వద్దంటే నా ఇంటిని వద్దన్నట్టేనండీ మాస్టారూ."

"నాకు షుగరండీ బుల్లిరాజుగారూ."

"ఎవరికి లేదండీ? నాకూ ఉందండీ. ఈ పూటకి ఓ మాత్ర ఎక్కువేసుకుందాం."

మాస్టారు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టారు. బుల్లిరాజు బొబ్బట్టుని ఆ చేతిమీదే వేసి, దానిమీద నెయ్యి పోశాడు. ఆ తరవాత పూతరేకులు వచ్చాయి, ఆ వెనక కాజాలు వచ్చాయి. ఆడవాళ్ళ బంతిలో కూర్చున్న హిమబిందు చూసేసరికి మాస్టారు చేతులు కడుక్కుంటున్నారు.

మర్నాడు షుగరు చూసే మిషను అంకె చూపించడం మానేసి 'హై' అంది. ఆసుపత్రిలో సెలైను ఎక్కిస్తుంటే, బయట బల్లమీద కూర్చున్న హిమబిందుకి కోపం ఎవరిమీద చూపించాలో తెలియలేదు. ఫోను తీసి ఫేస్‌బుక్‌లో ఒక వాక్యం రాసింది. "మా ఆయన్ని చంపేది షుగరు కాదు, గోదావరి మర్యాద."

ఆవిడ రాతలు చదివేది పిన్ని కూతుళ్ళు, చిన్ననాటి స్నేహితురాళ్ళు. అందులో ఒకావిడ నవ్వుకుని తన గోడమీద పెట్టుకుంది. అక్కణ్ణుంచి ఎవరో ఫొటో తీసి, "గోదావరి వాళ్ళు హంతకులట! చూస్తూ ఊరుకుందామా?" అని పైన ఒక ముక్క చేర్చారు. మాస్టారిని ఇంటికి తెచ్చుకునేసరికి ముక్కూ మొహం తెలియని జనం ఆవిడ ఫోనులో కాపురం పెట్టేశారు.

అన్నీ మర్యాదైన తిట్లే. "మీలాంటివాళ్ళని కాలవలో ముంచెయ్యాలండీ" అని ఒకాయన. "మీ ఆయన పోతే భోజనాలకి తప్పకుండా వస్తామండీ, కొసరి వడ్డించండి" అని ఇంకొకాయన. ఆవిడ పుట్టిల్లు కాలవనీళ్ళు ఎరగని మెట్ట ఊరు చింతలపూడి అని ఎవరో కనిపెట్టాక, "మెట్ట మనిషికి మర్యాద ఏం తెలుస్తుందండీ" అని మూడో దండు దిగింది.

హిమబిందు భయపడి క్షమాపణ రాసింది. "గోదావరి జిల్లాల పెద్దలందరికీ నమస్కారం. మీ మర్యాదకు సాటి లేదు. నా మాట తప్పు. మన్నించండి." ఒక్కో మాటా గుండెల్లోంచి రాసింది. కాని చదివినవాళ్ళు వెటకారం ఉగ్గుపాలతో తాగినవాళ్ళు. పొగిడితే వెనక్కి తిరిగి చూసుకునే అలవాటున్నవాళ్ళు. "చూశారా? సాటి లేదంటోంది! ఎంత వెటకారమండీ!" అని మళ్ళీ అందుకున్నారు. క్షమాపణ తీసేస్తే, తప్పు చేసింది కాబట్టే తీసేసిందన్నారు. ఆ తరవాత ఎవరో ఇంటి ఫోను నంబరు పెట్టారు. మరొకరు ఇంటి గేటు ఫొటో పెట్టి, ఏ సందులో తిరగాలో రాశారు.

ఫోను మోగితే మాస్టారు ఎత్తేవారు.

"మా ఆవిడ పూజలో ఉందండీ. ఏమైనా చెప్పమంటారా?" అని వినయంగా అడిగి, అవతలివాళ్ళు చెప్పిందంతా విని, "అలాగేనండీ, చెబుతానండీ" అని పెట్టేసేవారు.

"ఎవరండీ?"

"పేరు చెప్పలేదు. నిన్ను బజార్లో చెప్పుతో కొడతారట."

"దానికి మీరు అలాగేనన్నారా?"

"మరి పెద్దమనిషిలా మాట్లాడుతుంటే కాదని ఎలా అంటాను?"

హిమబిందు కూరల బజారుకి వెళ్ళడం మానేసింది. ఒకరోజు గేటుకి రాయి తగిలింది. మాస్టారు ఆ రాయిని తీసి పక్కన పెట్టి, చాలాసేపు గేటు దగ్గరే నిలబడ్డారు. ఇంత గొడవలోనూ ఆవిడ వేళకి మందులిచ్చి, కట్టు మార్చి, షుగరుని దారికి తెచ్చింది. పుండు అంచులు కాస్త ఎర్రగా, ఆరోగ్యంగా కనిపించాయి. వేలు దక్కుతుందని ఆశ పుట్టింది.

ఇంతలో జనం బుల్లిరాజుని పట్టుకున్నారు. మాస్టారు ఎవరింట తిన్నారో ఆరా తీస్తే గృహప్రవేశం వీడియో దొరికింది. మాస్టారి చేతిమీద బొబ్బట్టు పడడం అందులో స్పష్టంగా ఉంది. "ఆ మెట్టావిడ తిట్టింది మీ ఇంటి భోజనాన్నేనటగా" అని ఊళ్ళో ఎక్కడ నిలబడినా పలకరింపులే. బుల్లిరాజు తల కొట్టేసినట్టయింది. రెండు కార్లలో మిత్రులను ఎక్కించుకుని, తట్ట నిండా మిఠాయిలు పెట్టించుకుని, ఏలూరు వచ్చాడు. ఒక మిత్రుడు వాకిట్లోంచే ఫోను పైకెత్తి లైవ్ మొదలుపెట్టాడు.

"అమ్మా, మీమీద నాకు కోపం లేదండీ," అన్నాడు బుల్లిరాజు చెప్పులు బయట విడిచి. "మాస్టారు మా ఇంటి బొబ్బట్టు ఒక్కటి కెమెరా ముందు తిని, నాకేం కాలేదంటే చాలండీ. మీ గొడవా తీరుతుంది, నా పరువూ నిలబడుతుంది."

"ఆయన కాలు చూశారా మీరు?"

బుల్లిరాజు కట్టు వంక చూశాడు. ఒక్క క్షణం మొహం పాలిపోయింది. ఫోను పట్టుకున్న మిత్రుడు దగ్గాడు.

"పోనీ సగమేనండీ," అన్నాడు బుల్లిరాజు గొంతు తగ్గించి.

"కుదరదండీ. దయచేసి వెళ్ళిపోండి."

"ఇంటికొచ్చినవాళ్ళని పొమ్మంటోందండీ!" మిత్రుడు తెరమీది మాటలు పైకి చదివాడు. "ఇదిగో, మేమూ బయల్దేరుతున్నాం అడ్రసు చెప్పండి అంటున్నారు."

మాస్టారు కుర్చీలోంచి లేచారు. "బిందూ, ఒక్కటి తింటే నిన్ను వదిలేస్తారట. లెక్క మనకి లాభంగానే ఉంది."

"మీ లెక్కలు నా దగ్గర చెప్పకండి. వేలు పోతుంది."

"నాకు పది వేళ్ళున్నాయి. నువ్వు ఒక్కదానివే," అని ఆయన తట్టలోకి చెయ్యి పెట్టారు.

ఆవిడ చెయ్యి పట్టుకునేలోగానే సగం నోట్లోకి వెళ్ళింది. సగం చాలదన్నారు చూసేవాళ్ళు. మిగతా సగమూ తిన్నారు. కాజా కూడా తినమన్నారు. మొహమాటస్తుడైన మాస్టారు, అడిగినవాళ్ళెవరో తెలియకపోయినా కాదనలేకపోయారు. అన్నీ అయ్యాక కెమెరా వంక చూసి, "నాకేం కాలేదండీ" అన్నారు. బుల్లిరాజు ఆయన కాళ్ళకి దండం పెట్టాడు, కట్టు తగలకుండా.

ఆ రాత్రి ఎక్కిన షుగరు మళ్ళీ దిగలేదు, నాలుగోనాటికి మాస్టారికి ఒళ్ళు కాలిపోయింది. వేలు నల్లబడింది, నలుపు పాదంమీదికి పాకింది. ఆసుపత్రిలో డాక్టరు ఈసారి నవ్వలేదు. "వేలు కాదమ్మా, పాదం తీసెయ్యాలి. ఆలస్యం చేస్తే మనిషే దక్కడు." హిమబిందు సంతకం పెట్టింది.

కబురు తెలిసి బుల్లిరాజు పరుగెత్తుకొచ్చాడు. ఆయనకంటే ముందు ఆయన వీడియో వచ్చేసింది. అందులో బొబ్బట్టూ, కట్టూ, దండమూ మాత్రమే ఉంచి మిగతాదంతా ఎవరో కత్తిరించేశారు. "షుగరు మనిషికి బలవంతంగా తినిపించిన దుర్మార్గుడు" అని పైన రాశారు. మాస్టారికి న్యాయం చెయ్యాలని ఒక గుంపు ఆసుపత్రి గేటు దగ్గర చేరింది. హిమబిందు ఫోను చూసుకుంటే అన్నీ ఓదార్పులే. "అమ్మా, మీ వెంట మేమున్నామండీ." వాళ్ళలో కొన్ని పేర్లు ఆవిడ గుర్తుపట్టింది. తనని ముంచేస్తానన్నాయన ఇప్పుడు బుల్లిరాజుని ముంచేస్తానంటున్నాడు. కాలవ మాత్రం మార్చలేదు.

బుల్లిరాజు బల్ల చివర ముడుచుకుని కూర్చున్నాడు. చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది.

"మా సాయిదుర్గ ఫొటో పెట్టేశారమ్మా. దానికింద ఏం రాస్తున్నారో తండ్రిని, నోటితో చెప్పలేను. ఆఫీసుకి వెళ్ళకుండా గదిలో తలుపేసుకుని కూర్చుందట."

హిమబిందు ఆయన వంక చూసింది. తిట్టాలనీ అనిపించలేదు, ఓదార్చాలనీ అనిపించలేదు. లోపల ఆపరేషను గది దీపం వెలుగుతోంది.

నర్సు వచ్చింది. వెనకే వాచ్‌మన్. "గేటు దగ్గర గొడవగా ఉందండీ. పేషెంటు బంధువులు తప్ప మిగతావాళ్ళంతా బయటికి వెళ్ళాలి. మీరేమవుతారండీ?"

"నేనా?" బుల్లిరాజు లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు, హిమబిందు వైపు తిరిగాడు. "మీ అన్నయ్యనని చెప్పండమ్మా. నన్ను బయటికి పంపితే చంపేస్తారు."

గేటు ఊచల మధ్యనుంచి ఫోన్లు లేచాయి. వరండాలో నిలబడ్డ మరో పేషెంటు అల్లుడెవరో కూడా ఫోను తీశాడు. ఆవిడేమంటుందోనని అందరూ ఫోన్లు ఆవిడ వైపే తిప్పారు.

హిమబిందుకి నాలుక చివరిదాకా ఏదో వచ్చింది. అది ఏ మాటో, రేపటికి అది ఏమవుతుందో, ఏ తలా తోకా కత్తిరించి ఎవరిమీదికి విసురుతారో ఆలోచించింది. నోరు మూసుకుని, కొంగు భుజాల నిండా కప్పుకుని, ఆపరేషను గది తలుపు వైపు తిరిగి కూర్చుంది. వాచ్‌మన్ బుల్లిరాజు మోచెయ్యి పట్టుకుని, "పదండి బాబుగారూ" అన్నాడు.

ఎంత హుందాతనం ఉన్న మనిషండీ అని ఆ వీడియో చూసినవాళ్ళంతా హిమబిందుని మెచ్చుకున్నారు.