తనిఖీ లేని త్రాసు

మొదట్లో పప్పుల వ్యాపారి చేతిలో ఉన్నవి ఒక దుకాణం, రెండు త్రాసులు, ఒక భయం. గల్లా పక్కనున్న త్రాసు కొనేవాళ్ళ కోసం; కిలోకి నూరు గ్రాములు ఎక్కువ చూపేది. వెనక గదిలో గోనెసంచుల కింద దాచింది తూనికల అధికారి కోసం; ఆయన వచ్చిన పూట బయటికొచ్చి నిజం చెప్పేది. భయం కూడా ఆయన గురించే.

ఆ భయం వదిలించుకోవడానికి వర్తక సంఘం మంత్రిగారి పార్టీకి భారీ విరాళమిచ్చింది. వ్యాపారీ తన వంతు వేశాడు. పాలపొడి కంపెనీ అందరికంటే ఎక్కువ వేసింది. మంత్రిగారికి ఆ వారమే స్వేచ్ఛ మీద బెంగ పుట్టుకొచ్చింది.

"వర్తకుణ్ణి అనుమానించడమంటే ప్రజల్ని అవమానించడమే! ఇకమీదట ఎవరి తూకానికి వారే పూచీ!" అని సభలో గర్జించారు.

తనిఖీలు రద్దయ్యాయి. పాపం, అధికారి ఉద్యోగం మాత్రం పోలేదు. ఆయన్ని తూనికల స్వేచ్ఛా ప్రోత్సాహక మండలికి అధ్యక్షుణ్ణి చేశారు.

వ్యాపారి నిజం చెప్పే త్రాసును పాత ఇనుముకింద అమ్మేశాడు. గదిలో చోటు కలిసొచ్చింది.

నెల తిరక్కుండా టోకు వర్తకుడి బస్తాలు చిక్కిపోయాయి.

"ఏంటి బావా, బస్తా ఇలా తేలిపోతోంది?" అన్నాడు వ్యాపారి.

"అనుమానమైతే నీ త్రాసు మీదే చూసుకో బావా."

చూసుకున్నాడు. సరిగ్గా ఉంది. చచ్చినట్టు డబ్బు కట్టాడు.

ఆ రోజుల్లోనే కూతురు మూడు నెలల పసివాణ్ణి తీసుకుని పుట్టింటికొచ్చింది. బిడ్డకు ఆ పాలపొడి కంపెనీ డబ్బాపాలే ఆధారం. బిడ్డల బరువు పెరిగినకొద్దీ ఆసుపత్రులకు సర్కారు బహుమతులిస్తోంది కాబట్టి, ఊళ్ళో పిల్లలందరూ కాగితాల మీద పుష్టిగా పెరుగుతున్నారు.

"ఏమండీ, వీణ్ణి ఎత్తుకుంటే దూదిని ఎత్తుకున్నట్టుంది," అంది భార్య.

"ఆసుపత్రిలో బాగున్నాడనే అన్నారమ్మా," అంది కూతురు. గొంతులో ధైర్యం లేదు. "నాన్నా, ఒక్కసారి నువ్వు తూచి చెప్పవూ?"

గల్లా పక్క త్రాసు మీద తువ్వాలు పరిచి మనవణ్ణి పడుకోబెట్టాడు. వాడు ఏడవను కూడా లేదు. ముల్లు కదిలి అయిదున్నర దగ్గర ఆగింది.

అందులోంచి ఎంత తీసేయాలో వ్యాపారికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. కూతురు కళ్ళార్పకుండా అతని మొహంలోకే చూస్తోంది.

"అయిదున్నర కిలోలే పిచ్చితల్లీ! గుండ్రాయిలా ఉన్నాడు."

కూతురు కళ్ళు తుడుచుకుని నవ్వింది.

ఇక చివరి లెక్క. భయం పోయింది. త్రాసు ఒకటి మిగిలింది. మనవడు అయిదున్నర కిలోలు. అనుమానమైతే మీ త్రాసు మీద చూసుకోండి.