దొరకు నాలుగు చుక్కల మనశ్శాంతి

గుర్రపుస్వారీ శిక్షణాలయంలోని దొర అనే గుర్రం తీవ్ర మనోవేదనకు లోనైనదనీ, ముందు ఎడమకాలు నేలకు ఆన్చకపోవడానికి అదే కారణమనీ కార్యవర్గం ఏకగ్రీవంగా నిర్ధారించింది. ఆ సమావేశం టీ తాగడంతో సహా ఇరవై నిమిషాల్లో ముగిసింది. కాలును పరిశీలించవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. మనసు కాలిలో ఉండదన్నపాటి శాస్త్రజ్ఞానం సభ్యులందరికీ ఉన్నది.

లాయంలో ముప్పై ఏళ్లుగా గుర్రాలను సాకుతున్న పెద్దాయనకు మాత్రం ఆ జ్ఞానం కాస్త కొరవడింది. కుంటే గుర్రాన్ని చూస్తే ఆయన చెయ్యి తనంతట తానే గిట్ట వైపు పోతుంది. పోయింది కూడా. గిట్ట వేడిగా కాలుతోంది. నాలుగు రోజుల క్రితం కొట్టిన లాడం మేకుల్లో మూడోది దారి తప్పి మెత్తటి భాగంలోకి దిగింది.

"అమ్మా, మేకు మాంసంలోకి దిగిందమ్మా. పీకేస్తే సరిపోతుంది," అని వెళ్లి కార్యవర్గ అధ్యక్షురాలితో చెప్పాడు.

"ఆ లాడం కొట్టింది మా తమ్ముడు," అందామె.

"అవునమ్మా."

"వాడు మూడు రోజులు శిక్షణ తీసుకుని పత్రం కూడా తెచ్చుకున్నాడు."

"గుర్రానికి ఆ సంగతి తెలీదు కదమ్మా."

ఈ జవాబును ధిక్కారంగా పరిగణించి, మర్నాడే పూలనీళ్లతో మనోవేదన పోగొట్టే పుష్పవైద్యుణ్ని పిలిపించారు. ఆయన ముప్పై ఆరు చిన్న సీసాల పెట్టెతో వచ్చి, దొర కళ్లలోకి చాలాసేపు చూశాడు. దొర కాలు మార్చుకుంది. ఆయన రాసుకున్నాడు.

"బెంగ. చిన్నతనంలోనే దీన్ని తల్లి నుంచి వేరు చేశారు."

"అన్ని గుర్రాలనీ అంతే కదా బాబూ?" అన్నాడు పెద్దాయన.

"అందుకే లోకంలో ఇంత బెంగ!"

మందు తయారీ అతి నిష్ఠగా జరిగింది. పూలను ఎండలో నీళ్ల మీద తేలనిచ్చి తీసేశారు. ఆ నీళ్లలో ఒక చుక్కను మరో సీసా నీళ్లలో, అందులో ఒక చుక్కను ఇంకో సీసా నీళ్లలో కలిపారు. పువ్వు ఎంత లేకపోతే మందు అంత ఘాటని వైద్యుడు వివరించాడు.

"అయితే మన తొట్టిలో నీళ్లకి అసలు పువ్వే తగల్లేదు. అవి ఇంకా ఘాటుగా ఉండాలే?"

"వాటికి ఎవరూ చెప్పలేదు కదా పెద్దాయనా," అన్నాడు వైద్యుడు జాలిగా.

పూటకు నాలుగు చుక్కల చొప్పున చికిత్స మొదలైంది. గిట్టను ముట్టుకుంటే పుష్పసందేశానికి అంతరాయం కలుగుతుంది గనుక, ముట్టుకున్నవారిని విధుల నుంచి తొలగిస్తామని లాయం గోడకు కాగితం అంటించారు. రోజువారీ పరిస్థితి రాయడానికి ఇచ్చిన పుస్తకంలో భయం, బెంగ, అలక, అసూయ, అహంభావం, వైరాగ్యం అని ఆరు గడులున్నాయి. కాలుకు గడి లేదు. కాలు వాచిన రోజున అహంభావం పెరిగినట్టు, మేత మానిన రోజున వైరాగ్యం అలవడినట్టు నమోదైంది. నెలాఖరులోగా కోలుకోని పక్షంలో దొరను 'భావోద్వేగపరంగా అనర్హం'గా ప్రకటించి, సకల గౌరవాలతో తోళ్ల వ్యాపారికి అప్పగించాలని కూడా తీర్మానించారు. కార్యవర్గం దయ ఎంతటిదో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

పెద్దాయనకు నిద్ర కరవైంది. మేకు పీకితే ఉద్యోగం పోతుంది, దానితో పాటు దొర పక్కన నిలిచే ఒక్క మనిషీ పోతాడు. పీకకపోతే దొరే పోతుంది. పట్టకారును చొక్కా లోపల పెట్టుకుని తిరగసాగాడు.

గడువు నాలుగు రోజులుందనగా వైద్యుడు ఆఖరి ప్రయత్నంగా సామూహిక మౌనం ఏర్పాటు చేశాడు. హాల్లో నలభై కుర్చీలు వేసి, నడుమ దొరను నిలబెట్టారు. నలభై మందీ తలా నాలుగు చుక్కలు నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, గుర్రం క్షేమాన్ని గాఢంగా కోరుకోవడం మొదలుపెట్టారు. దొర నొప్పి ఓర్చుకోలేక సకిలించింది. కాసేపాగి మళ్లీ సకిలించింది.

"అబ్బబ్బ, ఎవరండీ అది?" అంది ముందు వరుసలోంచి ఒకావిడ, కళ్లు తెరవకుండానే. "దాన్ని కాస్త బయటికి తీసుకుపొండి. మనసు కుదురుగా నిలవనీయడం లేదు."

నిజమే సుమా అన్నట్టు వైద్యుడు కూడా కళ్లు మూసుకునే చేత్తో సైగ చేశాడు.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో పెద్దాయన ఏ ఆజ్ఞనూ అంత చురుగ్గా పాటించలేదు. దొరను నీళ్లతొట్టి వెనక్కి నడిపించి, గిట్టను ఒళ్లోకి తీసుకుని, మేకును పట్టి లాగాడు. దాని వెంట చీము వచ్చింది. దొర ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, మెల్లగా కాలు నేల మీద ఆన్చింది. "అంతే నాన్నా, అయిపోయింది," అంటూ ఆయన గోరువెచ్చటి ఉప్పునీళ్లతో గిట్ట కడిగాడు. హాల్లో మౌనం ఇక నిర్విఘ్నంగా సాగింది. కళ్లు తెరిచాక, దొర గుండె తేలికపడడం తమకు స్పష్టంగా తెలిసిందని పలువురు చెప్పారు. దొర ఎక్కడుందని అడిగినవారు లేరు.

నెలాఖరుకు దొర చక్కగా నడుస్తూ వచ్చింది. వైద్యుడికి జరిగిన అభినందన సభలో పెద్దాయన ఉండబట్టలేక మేకును తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇదీ దాని బెంగ," అన్నాడు.

వైద్యుడు దాన్ని భక్తిగా పైకెత్తి చూపించాడు. "చూశారా! మనోవేదన గట్టిపడితే సరిగ్గా ఇలాగే ఉంటుంది."

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అధ్యక్షురాలి తమ్ముడు.

రోగి హాజరు చికిత్సకు ఆటంకమని అనుభవంలో తేలినందున, ఇకపై గుర్రాలను లాయంలోనే పెద్దాయనకు వదిలేసి చికిత్స జరపాలని అదే సభలో ప్రతిపాదించారు. ఎవరికీ అంతుపట్టనిది ఒక్కటే. ఆ తీర్మానానికి అందరికంటే ముందు చెయ్యెత్తింది పెద్దాయనే.

ఈ పద్ధతి ఖ్యాతి విని, పక్కవీధి బడివారు విద్యార్థుల మానసిక క్షేమం కోసం దీన్ని ప్రవేశపెట్టారు. వారానికోసారి పెద్దలంతా హాల్లో కళ్లు మూసుకుని కూర్చుంటారు. పిల్లలను బయటే ఉంచుతారు. అప్పుడప్పుడు బయటి నుంచి ఏడుపు వినిపిస్తుంది. వెంటనే ఎవరో ఒకరు లేచి, కళ్లు తెరవకుండానే తడుముకుంటూ వెళ్లి, తలుపు వేసి వస్తారు.