మూడు మెషీన్లూ ఒకటే మాట

చాలా ఏళ్ళుగా నాకొక సందేహం. ఒకే ప్రభువు కథను సువార్తల్లో నలుగురు రాశారు. ఒకరి రాతలో సమాధి దగ్గర ఒక్క దేవదూత, ఇంకొకరి రాతలో ఇద్దరు. ఇన్ని వందల ఏళ్ళలో ఎవరో ఒకరు కూర్చుని నాలుగింటినీ దిద్ది ఒక్కటి చేయలేదెందుకు? మా చర్చి పాద్రె సిరియాకోను అడిగితే ఆయన నవ్వి, చల్లటి తెరెరె కషాయం గ్లాసు నా చేతికిచ్చి, ఇంకోసారి చెబుతానన్నారు. ఆ ఇంకోసారి రాలేదు.

ఈ ఏడాది మా ఊరి క్లినిక్ వాళ్ళు ఆ పని చేసి చూపించారు. అందుకే ధైర్యంగా చెబుతున్నాను: సమాచారం చెడిపోవడం ఒక వరం! దాన్ని తనంతట తాను బాగుచేసే ఏర్పాటు అంతకన్నా పెద్ద వరం!

ఋజువు కావాలా? నా భార్య ఎర్మెలిండాకు పెన్సిలిన్ పడదు. పదకొండేళ్ళ కిందట ఒక్క ఇంజెక్షన్‌కు గొంతు వాచి, ఊపిరాడక, పాద్రె వచ్చి, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకు పూసే చివరి నూనె పూసేదాకా వెళ్ళింది. అలాంటి మనిషికి మొన్న ఫిబ్రవరిలో ఆ బాధ పూర్తిగా నయమైంది. మందు లేదు, పథ్యం లేదు. ఒక ఆదివారం తెల్లవారుజామున, ఆమె నిద్రలో ఉండగా, మూడు మెషీన్లు కలిసి నయం చేశాయి.

ఎలాగంటారా? రోగుల వివరాలన్నీ ఒకేచోట ఉంటే ప్రమాదమని మూడుచోట్ల దాస్తారు. ఒకటి మా ఊళ్ళో, ఒకటి రాజధాని అసున్సియోన్‌లో, ఒకటి ఎన్‌కార్నసియోన్‌లో. ఆదివారం ఆదివారం మూడూ పేజీలు పోల్చుకుంటాయి. తేడా వస్తే రెండింటి మాట నెగ్గుతుంది, మూడోది దిద్దుకుంటుంది. ఎంత ప్రజాస్వామ్యం!

జనవరి చివర్లో ఉరుముల వానకు అసున్సియోన్ మెషీన్ దెబ్బతిని, కొన్ని పేజీల్లో వరసలు చెరిగిపోయాయి. అదే వారం ఎన్‌కార్నసియోన్‌లో కొత్త మెషీన్ పెట్టినవాళ్ళు, తాజా తేదీ ఉన్న ప్రతిని చూసి నకలు తీశారు. తాజా తేదీ దేనిమీదుంది? దెబ్బతిన్నదానిమీదే. పేజీ చెడిందో లేదో చెప్పే అంకె ఒకటి ప్రతి పేజీ అడుగునా ఉంటుందట. దాన్ని సరిచూస్తూ కూర్చుంటే పని నెమ్మదిస్తోందని ఎప్పుడో మానేశారు. అలా తప్పు ప్రతులు రెండు, ఒప్పు ప్రతి ఒకటి. ఓటింగ్ జరిగింది. ఒప్పు ఓడిపోయి, బుద్ధిగా తనను తాను దిద్దుకుంది.

సోమవారం రిపోర్టు వచ్చింది: అంతా నూటికి నూరు శాతం క్షేమం!

ఇంకా వినండి. చెప్పులు కుట్టే డాన్ ఎపిఫానియోకు ఇరవయ్యేళ్ళుగా ఉన్న చక్కెర జబ్బు అదే ఉదయం మాయమైంది. మా బడి టీచరుకు, ఎప్పుడో కోసి తీసేసిన పిత్తాశయం తిరిగొచ్చింది. ఏ దేశపు వైద్యుడు చేయగలడు ఈ పని?

మార్చిలో ఎర్మెలిండాకు చిన్న ఆపరేషన్ అవసరమైంది. కాగితాల్లో ఇవ్వాల్సిన మందు పెన్సిలిన్ అని ఉంది. కంప్యూటర్ల గది చూసే విల్‌ఫ్రిడో, పెద్దమనిషి, మర్యాదస్తుడు, మమ్మల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా వివరించాడు.

"మీ పేజీలో అలాంటిదేం లేదమ్మా. మూడుచోట్లా చూశా."

"ఒళ్ళు నాది కదా బాబూ. నాకు తెలీదా?"

"మీరు ఒక్కరే కదమ్మా. అవి మూడు."

నేనూ సాక్షినే అన్నాను. అతను జాలిగా చూశాడు.

"మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు డాన్ తియోఫిలో. ఒకే కప్పు కింద ఉన్న రెండు ప్రతులు మాకు ఒకటే లెక్క. ఇల్లంటుకుంటే రెండూ పోతాయి కదా."

ఎర్మెలిండా నావైపు తిరిగింది. "ఇరవయ్యేడేళ్ళ కాపురమయ్యా. నువ్వు లెక్కలోకే రావట," అంది.

డాక్టరమ్మ మాత్రం నమ్మింది. మా ఊరి మెషీన్‌లో తన చేత్తోనే ఆ వరస మళ్ళీ ఎక్కించింది. ఆదివారం వచ్చింది. మిగతా రెండూ కలిసి దాన్ని మళ్ళీ చెరిపేశాయి. ఆపరేషన్ మంగళవారం. ఆ రోజు బల్ల దగ్గర ఈ డాక్టరమ్మే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. పదకొండేళ్ళ కిందట ఆనాడే రాసిన బయటి కాగితం ఏదైనా తెస్తే ఓటింగ్ ఆపి దిద్దుతానన్నాడు విల్‌ఫ్రిడో.

ఆనాడు రాసినవారు ఒక్కరే. పాద్రె తన నూనె పూతల పుస్తకం తీశారు. అంచులు చెదలు తిన్నాయి, ఇంకో ప్రతి ఎక్కడా లేదు. పదకొండేళ్ళ వెనక్కి వెళ్ళారు. 'ఎర్మెలిండా. పెన్సిలిన్ సూది. బతికింది.' నేను పుస్తకం అందుకోబోతే, ఆయన కింది వరస మీద వేలు పెట్టారు.

"ఇదీ చదువు నాయనా."

'భర్త తియోఫిలో. భార్య బతికితే కాకుపే మాత దగ్గరికి నడిచి వస్తానని మొక్కు.'

"ఆ డిసెంబరులో, మాత పండగ రోజున, వాన పడింది పాద్రె," అన్నాను.

"పదకొండు డిసెంబర్లూనా?"

పుస్తకం ఆయనే చంకన పెట్టుకుని క్లినిక్‌కు వచ్చారు. విల్‌ఫ్రిడో చదివాడు. తర్వాత ఓటింగ్ ఆపాడు, మూడుచోట్లా వరస ఎక్కించాడు, మానేసిన ఆ అంకె సరిచూడటం మళ్ళీ మొదలుపెట్టాడు. పాద్రె ఒకే మాట అన్నారు.

"ఒకడు తేడాగా చెప్పాడంటే వాడి నోరు మూయించరు బాబూ. వెళ్ళి చూసొస్తారు."

అంటూ, ఆ నలుగురి రాతల సంగతి అడిగిన నావైపు ఎందుకో చూశారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇప్పుడు చెప్పండి, నా ఫిర్యాదు దేనిమీద? చెడిపోవడం మీద కాదు, తిరిగి దొరకడం మీద! పదకొండేళ్ళు హాయిగా చెరిగిపోయి ఉన్న నా మొక్కు, భార్య ప్రాణంతో పాటే బయటికొచ్చింది. డాన్ ఎపిఫానియోకు ఆ బెడద లేదు. ఆయన పేజీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది, కాలు మాత్రం నల్లబడుతోంది. పాపం, ఆయనకు ఎప్పుడూ చావు దాకా వచ్చి నూనె పూయించుకునే అదృష్టం పట్టలేదు. ఆయన పేజీ దాచడానికి మూడు మెషీన్లున్నాయి. ఆయన దగ్గరికి వెళ్ళి అడిగి చూసొచ్చేవాడు ఒక్కడూ లేడు.

డిసెంబరు దాకా ఆగలేదు నేను. ఏప్రిల్‌లో, ఎండలో, నొప్పెట్టే మోకాలితో ఇరవై కిలోమీటర్లు నడిచాను. ఎర్మెలిండా బస్సులో ముందే చేరి, గుడి మెట్ల మీద చిపా రొట్టె తింటూ కూర్చుంది. సగం తుంచి నా చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం పాద్రె ఆ వరస పక్కన 'చెల్లింది' అని రాసి, తేదీ వేశారు. ఒకే పుస్తకంలో, ఒక్కచోట.